ఉత్తరం రాసేలోపే

2019 సంక్రాంతికి మా పెద్దోడి కూతురు బెంగళూరు నుంచి కడపకు వచ్చింది. కేంద్రీయ విద్యాలయంలో పదకొండో తరగతి. పండగ అయిపోగానే హిందీ పరీక్ష ఉందని పుస్తకం వెంట తెచ్చుకుంది. కనుమ రోజు మధ్యాహ్నం నేను వసారాలో కూర్చుని మిగిలిన అరిసెలు డబ్బాలో సర్దుతున్నాను. పిల్ల వచ్చి, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "జేజీ, నాన్‌బాయీ అంటే ఏంది?" అంది.

రొట్టెలు కాల్చి అమ్మేవాడని చెప్పి, పాఠం మొదటి నుంచి చదువుదాం రమ్మన్నాను. ఢిల్లీ జామా మసీదు దగ్గర మటియా మహల్ వైపు ఒక చీకటి కొట్టు. లోపల పిండి పిసుకుతున్నారు. మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్న మియాఁ నసీరుద్దీన్. 56 రకాల రొట్టెలు చేస్తాడని పేరు. ఒకామె వెళ్ళి ఆయన్ని ప్రశ్నలు అడుగుతుంది. మా పెద్దలు బాదుషా వంటింట్లో పనిచేశారని ఆయన గొప్పగా చెబుతాడు. ఏ బాదుషా అని ఆమె అడిగేసరికి గొంతు మారిపోతుంది, చిరాకు పడతాడు. కథ అంతే. కానీ చదువుతుంటే ఆ ముసలాయన మా పెద్ద దర్గా వీధిలో ఏదో అంగట్లో కూర్చుని నాతోనే మాట్లాడుతున్నట్టు ఉంది. మాట ఎక్కడ తెగుతుందో, ఎక్కడ వెటకారం మొదలవుతుందో అన్నీ వినబడుతున్నాయి.

పిల్ల "అర్థమైంది జేజీ" అని లేచిపోయింది. నేను ఇంకోసారి చదివాను. చేతికి అరిసెల నెయ్యి ఉందని గుర్తులేదు, పుస్తకం అంచుకు అంటుకుంది. రాసినామె పేరు చూశాను. కృష్ణా సోబ్తీ.

నేను 32 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో హిందీ పండిట్‌గా పనిచేసి 2016లో రిటైరయ్యాను. మా మైదుకూరు పక్క పల్లెలో ఆడపిల్ల చదవగలిగిన చదువుల్లో దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఒకటి. ప్రాథమిక్, మధ్యమా, రాష్ట్రభాషా, ప్రవేశికా, విశారద్, ప్రవీణ్ అని వరసగా కట్టి, ఆ సర్టిఫికెట్ల మీదే ఉద్యోగం తెచ్చుకున్నాను. కబీరు దోహాలు, తులసీదాసు చౌపాయీలు, ప్రేమ్‌చంద్ కథలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఉద్యోగం వచ్చాక పాఠ్యపుస్తకం దాటి ఒక్క హిందీ పుస్తకం కొని చదవలేదు. మా దగ్గర పదో తరగతి హిందీలో పాసవడానికి 20 మార్కులు చాలు. మిగతా సబ్జెక్టులకు 35. పిల్లలకు ఆ 20 వచ్చేలా చూడడమే నా పని అయింది, దాంట్లోనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ రాత్రి ఫోనులో ఆమె పేరు కొట్టి చూశాను. పెద్ద ఫ్రేము కళ్ళద్దాలు, తల మీదుగా కప్పుకున్న దుపట్టా, ఎదుటివాడు అబద్ధం చెబితే వెంటనే పట్టేసే చూపు. 1925 ఫిబ్రవరి 18న పంజాబులోని గుజ్రాత్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. దేశం రెండుగా చీలినప్పుడు ఇటు వచ్చేశారు. రాజస్థాన్‌లోని సిరోహీ సంస్థానంలో పసివాడైన మహారాజుకు గవర్నెస్‌గా చేశారు. 1980లో ‘జిందగీనామా’కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2017కు జ్ఞానపీఠం కూడా వచ్చింది. ఆ వార్త మా ఇంటికి వచ్చే పేపర్లోనూ పడే ఉంటుంది. నేను హిందీ టీచరును, అయినా ఆ పేజీ తిప్పేసి ఉంటాను. నాకు చాలా బాధేసింది.

ఇంకో రెండు సంగతులు చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2010లో పద్మభూషణ్ ఇస్తామంటే ఆమె వద్దన్నారు. రచయిత అధికారానికి కొంచెం ఎడంగా ఉండాలన్నది ఆమె పట్టుదల. 2015లో కర్ణాటకలోని ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గి గారిని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు, ఆ తర్వాత ఢిల్లీ దగ్గర దాద్రీలో ఒక మనిషిని మూక కొట్టి చంపింది. అప్పుడు అకాడమీ ఇచ్చిన అవార్డునూ, అంతకన్నా పెద్ద గౌరవమైన ఫెలోషిప్‌నూ రెండింటినీ ఆమె వెనక్కి ఇచ్చేశారు. అప్పటికి ఆమెకు 90 ఏళ్ళు. వీల్‌చైర్‌లో సభకు వచ్చి మాట్లాడారు. ధార్వాడ మాకు దూరమేమీ కాదు. ఆ వార్త మా స్టాఫ్‌రూంలో చదివినప్పుడు అందరం "అయ్యో పాపం" అనుకుని బెల్లు కొట్టగానే క్లాసులకు పోయాం. 90 ఏళ్ళామె ఎందుకు అలా అనుకుని ఊరుకోలేకపోయింది? దీనికి జవాబు ఆమె పుస్తకాల్లో దొరుకుతుందేమో అనిపించింది.

మర్నాడు ఫోనులోనే ‘సిక్కా బదల్ గయా’ కథ దొరికింది. 1948 నాటిది. విభజన రోజుల్లో చినాబు ఒడ్డున ఒక ఊరు. శాహ్ని అనే ముసలి విధవ, ఆ ఊరికి ఒకప్పటి యజమానురాలు. తెల్లవారుజామున నదిలో స్నానం చేస్తుంది. ఆ సాయంత్రమే హిందువులను క్యాంపుకు తీసుకుపోయే ట్రక్కులు వస్తాయి. ఆమె చేతుల మీద పెరిగిన షేరా అనే ముస్లిం కుర్రవాడి మనసులో ఆమె సొమ్ము మీద ఆశ, పాత ప్రేమ రెండూ కొట్టుకుంటుంటాయి. బంగారం, డబ్బు ఏదీ తీసుకోకుండా ఆమె ఇల్లు దాటుతుంది. షేరా దగ్గరికి వస్తే వణికే చెయ్యి వాడి తల మీద పెట్టి దీవిస్తుంది: "తైనూ భాగ్ జగన్ చన్నా." నీ అదృష్టం మేలుకోవాలి నా చందమామా, అని. హిందీ కథ నడుమ ఆ ఒక్క వాక్యం పంజాబీలో ఉంది. ఆ ముసలామె ఆ సమయంలో ఇంకో భాషలో దీవించలేదు కదా. ఈ కథను ‘ప్రతీక్’ పత్రికకు పంపితే సంపాదకుడు అజ్ఞేయ ఒక్క అక్షరం మార్చకుండా వేశారట. కొత్త రచయిత్రికి అంతకన్నా ఏం కావాలి.

నేను ఉత్తరం రాయాలనుకున్నాను. నా జన్మలో ఏ రచయితకూ ఉత్తరం రాయలేదు. తెల్ల కాగితం మీద ‘ఆదరణీయ కృష్ణా సోబ్తీ జీ’ అని మొదలుపెట్టాను. ఒక పేరా రాయడం, వ్యాకరణం చూసుకోవడం, కొట్టేయడం. ‘నే’ ప్రత్యయం సరిగ్గా పెట్టానా, లింగం తప్పిందా అని టెన్షన్. ఎవరితో మాట్లాడుతున్నానో మరిచిపోయి పరీక్ష పేపరు రాసినట్టు రాశాను. వారం పట్టింది. ఆమె చిరునామా తెలియదు కాబట్టి ఢిల్లీ దరియాగంజ్‌లోని ఆమె ప్రచురణకర్తల పేరు మీద పంపుదామని 24వ తేదీ రాత్రి కవరు మీద అడ్రసు రాసి పెట్టుకున్నాను.

జనవరి 25, శుక్రవారం. మధ్యాహ్నం భోజనం చేసి పోస్టాఫీసుకు బయలుదేరబోతుంటే బెంగళూరు నుంచి ఫోను. "జేజీ, ఆమె పొద్దున చనిపోయినారంట. మా మిస్ క్లాసులో చెప్పింది."

చెప్పులు వేసుకున్న దాన్ని అలాగే అరుగు మీద కూర్చుండిపోయాను. కవరు చేతిలోనే ఉంది. ఆమె పేరు నాకు తెలిసి పట్టుమని పది రోజులు. అయినా మా ఇంట్లో పెద్ద ముత్తైదువ పోయినట్టే అనిపించింది. 26న మా పాత స్కూల్లో జెండా వందనానికి పిలిచారు. నాలుగు మాటలు మాట్లాడమంటే ఆమె గురించి చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు "ఎవరు మేడమ్ ఆమె?" అని అడిగారు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత పుస్తకాల కోసం వెతుకులాట. కడపలో ఏడు రోడ్ల చుట్టుపక్కల అంగళ్ళన్నీ తిరిగాను. హిందీ అంటే గైడ్లు, ప్రచార సభ పరీక్షల పుస్తకాలు, డిక్షనరీలు. చివరికి మా చిన్నోడు ఫోనులో ఆర్డరు పెట్టాడు. మొదట వచ్చింది ‘మిత్రో మర్‌జానీ’. 1966లో వచ్చిన పుస్తకం. ఉమ్మడి కుటుంబంలో నడిమి కోడలు మిత్రో. తన ఒంటికి ఏం కావాలో నోరు తెరిచి చెబుతుంది. అత్త ముందు, తోడికోడళ్ళ ముందు, మొగుడి ముందు. చదువుతున్నప్పుడు ఎవరైనా గదిలోకి వస్తే పుస్తకం మూసేశాను, నిజం చెబుతున్నాను. కానీ సగం దాటేసరికి ఆ సిగ్గు పోయింది. మా అత్తగారింట్లోనూ మేం ముగ్గురు కోడళ్ళం. మా నడిమామె నోటికి ఇల్లంతా భయపడేది. ఆమెకు మనసులో ఏముందో మేం ఒక్కరోజూ అడగలేదు, ‘నోటి దురుసు’ అని పేరు పెట్టి వదిలేశాం. ఆమె ఇప్పుడు లేదు. మిత్రో చెడ్డదని గానీ మంచిదని గానీ సోబ్తీ ఎక్కడా అనలేదు, ఆమెను మాట్లాడనిచ్చారు, అంతే. కథ చివర మిత్రో మొగుడి దగ్గరికే తిరిగి రావడం నాకు అంత నచ్చలేదు. అయినా ఆ గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది.

అసలు కష్టం ‘జిందగీనామా’తో వచ్చింది. లావు పుస్తకం. మొదట్లో పొడుగాటి కవిత. ఆ తర్వాత పంజాబులో డేరా జట్టాఁ అనే పల్లె, ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజులు. కథానాయకుడు, కథానాయిక అని ఎవరూ లేరు. వడ్డీకిచ్చే శాహ్‌లు, అప్పు తీసుకునే జాట్లు, కోర్టు కేసులు, పొలం తగాదాలు, పటాలానికి పోయే కుర్రాళ్ళు, రాత్రుళ్ళు కూడి చెప్పుకునే కబుర్లు. రెండో పేజీలోనే నా ప్రవీణ్ పట్టా చేతులెత్తేసింది. పది మాటలకు నాలుగు తెలియవు. డిక్షనరీలో దొరకవు. పంజాబీ, ఉర్దూ, పల్లె మాటలు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు మూసేశాను.

మా వీధి చివర ఒక ముస్లిం అక్క ఉంటుంది, ఆపా అని పిలుస్తాను. ఉర్దూ మీడియం స్కూల్లో పనిచేసి నాకన్నా నాలుగేళ్ళు ముందే రిటైరైంది. ఒకరోజు మార్కెట్‌లో ఎర్రగడ్డలు కొంటూ నా గోడు చెప్పుకున్నాను. "పుస్తకం తీసుకొని రా టీచరమ్మా, చూద్దాం" అంది. అలా మొదలైంది. సోమవారం, గురువారం సాయంత్రం నాలుగింటికి. నేను పైకి చదవాలి, ఆపా కళ్ళు మూసుకుని వినాలి. ఆమెకు దేవనాగరి లిపి అంతగా రాదు, చెవితోనే పడుతుంది. ఒక మాట దగ్గర ఆగితే ఆమె ఇంకోసారి చదవమంటుంది, నోట్లో తిప్పుకుంటుంది, ఉర్దూ అయితే చెప్పేస్తుంది. పంజాబీ అయితే ఇద్దరం ఆగిపోతాం. ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని తెలిసినవి ఎడమ పేజీలో రాసుకున్నాను. మొదట్లో గంటకు రెండు పేజీలు. మూడు నెలలకు ఆరు పేజీలయ్యాయి.

‘త్రింజన్’ అనే మాట దగ్గర నాలుగు రోజులు ఆగాం. ఆడవాళ్ళంతా ఒకచోట కూడి రాట్నాలు తిప్పుతూ పాటలు పాడుకునే కూటమి అని తర్వాత తెలిసింది. తెలియగానే నాకు మా ఊరి ఇంటి మిద్దె కనబడింది. చెనిక్కాయలు వొలిచే రోజుల్లో రాత్రి బువ్వ తిన్నాక వీధి ఆడవాళ్ళంతా లాంతరు చుట్టూ చేరేవాళ్ళు. వేళ్ళు పనిచేస్తుంటే నోరు పాట పాడేది. మా జేజి పాటకు గొంతు ఎత్తితే పక్క వీధి వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. విత్తనాలకు వొలిచేవి కాబట్టి తినకూడదు, అయినా పిల్లలం గుప్పెళ్ళు దాచుకునేవాళ్ళం. ఆపాకు ఇదంతా చెబితే, "మేము బీడీలు చుట్టేటప్పుడు ఇట్లనే కదా" అంది. ఆ రోజు పుస్తకం ముందుకు సాగలేదు.

ఈ పుస్తకానికి వెనక ఇంకో కథ ఉంది. 1952లో సోబ్తీ ‘చన్నా’ అనే పేరుతో తొలి నవల రాసి అలహాబాదులోని లీడర్ ప్రెస్‌కు ఇచ్చారు. అచ్చయిన ఫారాలు చూస్తే ఆమె రాసిన పంజాబీ, ఉర్దూ మాటల చోట సంస్కృత పదాలు ఉన్నాయి. హిందీ పాఠకులకు అర్థం కావని ‘సరిదిద్దారు’. ఆమె అచ్చు ఆపించారు. అప్పటిదాకా అయిన ఖర్చు తన చేతి నుంచే కట్టి నవలను వెనక్కి తీసుకున్నారు. 27 ఏళ్ళ వయసు, మొదటి పుస్తకం. ఆ వయసులో ఎవరైనా పేరు అచ్చులో చూసుకుంటే చాలనుకుంటారు. ఆ నవలనే చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదటి నుంచి రాస్తే 1979లో ‘జిందగీనామా’ అయింది.

ఇది చదివిన రోజు నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆ ప్రెస్‌లో కూర్చుని మాటలు కొట్టేసిన మనిషి చేసిన పనే నేను 32 ఏళ్ళు చేశాను.

కడప స్కూళ్ళలో పనిచేసిన హిందీ టీచర్లకు తెలుస్తుంది. మా క్లాసుల్లో ముస్లిం పిల్లలకు హిందీ కొత్త కాదు. ఇంట్లో మాట్లాడేదే. కానీ అది దక్కనీ, మా వైపు ముస్లింల ఇళ్ళలో మాట్లాడే ఉర్దూ. నక్కో, హౌ, కైకు, మేరేకు, తేరేకు. కితాబు ఒకటైతే కితాబ్, నాలుగైతే కితాబాఁ. బాత్, బాతాఁ. నేను అన్నిటికీ ఎర్ర సిరాతో అడ్డగీత. ‘గలత్’, అంటే తప్పు, అని పక్కన రాసేదాన్ని. హిందీ మాట్లాడలేని తెలుగు పిల్లలకు ‘శాబాష్’, పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న వాళ్ళకు ‘గలత్’.

ఒక పిల్ల నాకు బాగా గుర్తు. ఎనిమిదో తరగతి. ‘మేరీ మాఁ’ అని వ్యాసం రాయమంటే ఒకటిన్నర పేజీ రాసింది. వాళ్ళమ్మ తెల్లవారుజామున లేచి రొట్టెలు కాల్చడం, పొగకు కళ్ళు నలుపుకోవడం, ‘అమ్మా మేరేకు బోలీ’ (అమ్మ నాతో చెప్పింది) అని మొదలయ్యే వాక్యాలు. నేను ప్రతి వాక్యం దిద్దాను. ‘మాఁ నే ముఝ్‌సే కహా’ అని మార్చి రాశాను. పేజీ అంతా ఎరుపే. పదికి నాలుగు వేశాను. తర్వాతి పరీక్షలో అదే వ్యాసం మళ్ళీ వచ్చింది. ఆ పిల్ల గైడులోది దించేసింది: నా తల్లి ఆదర్శ మహిళ, తల్లి ప్రేమ సముద్రం లాంటిది. ఒక్క తప్పు లేదు. రొట్టెలు లేవు, పొగ లేదు, వాళ్ళమ్మ లేదు. నేను తొమ్మిది వేసి, ‘బహుత్ అచ్ఛా’ అని రాశాను.

‘జిందగీనామా’ చదువుతూ పంజాబీ మాటలు నేర్చుకుంటుంటే తెలిసింది, పంజాబీలోనూ అంతే. కితాబు ఒకటైతే కితాబ్, ఎక్కువైతే కితాబాఁ. గల్ల్ అంటే మాట, గల్లాఁ అంటే మాటలు. ఢిల్లీ, పంజాబు వైపు నుంచి వందల ఏళ్ళ కిందట దక్కనుకు దిగివచ్చిన సైన్యాలతో, సూఫీలతో ఈ మాట ఇంత దూరం వచ్చింది. మా కడపలో అటకెక్కకుండా ఇంకా పిల్లల నోళ్ళలో ఉంది. దాన్ని నేను తప్పు అన్నాను. ఆపాతో చెబితే ఆమె నవ్వలేదు. "మా స్కూల్లో నేనూ అదే చేసినా టీచరమ్మా. లఖ్నవూ ఉర్దూ మాట్లాడమని కొట్టినా కూడా" అంది. ఇద్దరం చాయ్ తాగకుండానే లేచాం.

పరీక్షకు కావలసిన హిందీ నేర్పాల్సిందే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. ఉద్యోగాలకు అదే కావాలి. కానీ ‘పుస్తకంలో ఇట్ల రాస్తారు, మీ ఇంట్లో అట్ల అంటారు, రెండూ మాటలే’ అని ఒక్క ముక్క చెప్పడానికి నాకు ఎంత టైం పట్టేది? నన్ను కోస్తా వైపు ట్రైనింగ్ కాలేజీలో ‘యాడికి’ అన్నందుకు హాస్టలంతా నవ్వితే, ఆరు నెలల్లో ‘ఎక్కడికి’ నేర్చుకుని గొంతు మార్చుకున్న దాన్ని నేను. ఆ మంట తెలిసీ పిల్లలకు అదే పెట్టాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేసరికి మా అమ్మ నా దగ్గరే ఉంది. 84 ఏళ్ళు. తుంటి విరిగి మంచం పట్టింది. ఆపా రావడం ఆగిపోయింది, ‘జిందగీనామా’ ఆగిపోయింది. అమ్మ మంచం పక్కన కూర్చుని చిన్న పుస్తకం కదా అని ‘ఐ లడ్కీ’ తీశాను. 1991లో వచ్చింది. చావుకు దగ్గరపడ్డ తల్లి, పెళ్ళి చేసుకోని కూతురు, సూసన్ అనే నర్సు. తల్లి మంచంలో పడుకుని తిడుతుంది, నవ్వుతుంది, పాత సంగతులు తవ్వుతుంది, కూతుర్ని గుచ్చి గుచ్చి అడుగుతుంది. పుస్తకమంతా మాటలే.

అమ్మకు రోజూ కాస్త తెలుగులో చెప్పేదాన్ని. మొదటి రోజే అడిగింది.

"ఆ ముసల్దాని పేరేంది?"

"అమ్మూ అంటారు మా."

"పేరు ల్యా? నాకు మాత్రం యాడుండాది? మీ నాయన పోయినాక నన్ను పేరు పెట్టి పిల్చినోళ్ళు ఎవురే?"

నాకు మాట రాలేదు. నాన్న పోయి అప్పటికి 19 ఏళ్ళు. ఆ తర్వాత కొన్ని రోజులు నేను అమ్మను పేరు పెట్టి పిలిచాను. మొదట "నీకు తిక్క లేసిందా" అంది. తర్వాత పలికేది.

ఆ పుస్తకంలోని తల్లి చావు గురించి బెదరకుండా మాట్లాడుతుంది, బతుకు మీద ఆశ కూడా దాచుకోదు. మా అమ్మ కూడా అంతే మాట్లాడేది, నేనే వినేదాన్ని కాదు. "అట్లంటి మాటలు ఎందుకు మా" అని నోరు మూయించేదాన్ని. ‘ఐ లడ్కీ’ చదివాక అడ్డు చెప్పడం మానేశాను. అడగడం మొదలుపెట్టాను. పెళ్ళైన కొత్తలో ఏడ్చావా, ఎవరి మీదైనా పగ ఉందా, ఏం తినాలని ఉంది. ఆమె చెప్పిన మాటలు నోట్‌బుక్‌లో కుడి పేజీలో రాశాను. ఎడమ పేజీలో పంజాబీ, కుడి పేజీలో మా అమ్మ. మొబ్బు, బిన్నా, గెనుము, ఎనుము, కసువు. ఇవన్నీ ఒకప్పుడు నా నోట్లోనూ ఉన్నవే. 2021 ఫిబ్రవరిలో అమ్మ పోయింది. చివరి రోజుల్లో ఒకసారి, "రాసుకుంటాండావా? రాసుకో, నేను పోతే నీకు తిట్టేటోళ్ళు ఉండరు" అంది. అది కూడా రాశాను.

సోబ్తీ చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. పంజాబీ రచయిత్రి అమృతా ప్రీతమ్ తన పుస్తకానికి ‘హర్‌దత్ కా జిందగీనామా’ అని పేరు పెట్టారని 1984లో కోర్టుకెక్కారు. ఆ కేసు దాదాపు 26 ఏళ్ళు నడిచింది. అమృతా ప్రీతమ్ 2005లోనే పోయారు. 2011లో తీర్పు ఆమె వైపే వచ్చింది. ‘జిందగీనామా’ అన్న మాట పార్శీలో ఎప్పటి నుంచో ఉంది. ఒక మాట నాదే అని ఎవరనగలరు? పల్లె జనం మాటల కోసం సొంత నవలనే వెనక్కి తీసుకున్న మనిషి, జనం మాట కోసం ఇంకో రచయిత్రి మీద కేసు వేయడం నాకు మింగుడు పడలేదు. ఆపాతో దీని మీద గట్టిగా వాదించాను. ఆపా సోబ్తీ వైపే. "పట్టు లేనోళ్ళు ఆ పుస్తకం రాయలేరు" అంటుంది. ఆ మాటా కాదనలేను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆమె 70 ఏళ్ళ వయసులో డోగ్రీ రచయిత శివనాథ్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ ఒకే సంవత్సరం, ఒకే తేదీన పుట్టినవాళ్ళట. ‘ఐ లడ్కీ’ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనే. 2000లో వచ్చిన ‘సమయ్ సర్‌గమ్’లో అరణ్యా, ఈశాన్ అనే ఇద్దరు వయసు మళ్ళిన ఇరుగుపొరుగు స్నేహం చదువుతుంటే ఆ ఇంటి గాలి తగిలినట్టు ఉంటుంది. మా ఆయన పోయి పదేళ్ళయింది. సాయంత్రం ఆరింటికి ఇల్లు ఎంత పెద్దగా కనబడుతుందో తెలిసిన వాళ్ళకు ఆ నవల ఇస్తాను. ఇప్పటికి ముగ్గురు రిటైరైన హిందీ టీచర్లకు ఇచ్చాను. ఒకామె తిరిగి ఇవ్వలేదు, మంచిదే అనుకున్నాను.

ఆ ఎనిమిదో తరగతి పిల్ల కోసం అడిగాను. పెళ్ళై రాయచోటి వైపు వెళ్ళిందని ఒకరు, గల్ఫ్‌లో ఉందని ఇంకొకరు చెప్పారు. దొరకలేదు. దొరికినా ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆ వ్యాసంలో గుర్తున్న వాక్యాలు మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో దిద్దకుండా రాసి పెట్టాను.

ఇప్పుడు ఆపా, నేను ‘జిందగీనామా’ రెండోసారి చదువుతున్నాం. మొదటిసారి ముగించడానికి మధ్యలో ఆగిన రోజులతో కలిపి నాలుగేళ్ళు పట్టింది. ఈసారి ఆపా వాళ్ళ మనవరాలు కూడా వచ్చి కూర్చుంటోంది, ఇంటర్ చదువుతోంది. నేను చదివే పంజాబీ పాటలను ఫోనులో వెతికి వినిపిస్తుంది. పోయిన గురువారం ఒక మాట దగ్గర ముగ్గురం ఆగిపోయాం. ఆపాకు తెలియలేదు, ఫోనులోనూ దొరకలేదు. ఈ వారం వాళ్ళు పెళ్ళికని ప్రొద్దుటూరు వెళ్ళారు. సోమవారం వస్తామన్నారు. ఆ పేజీలో గుర్తు కోసం 2019 నాటి ఆ కవరే పెట్టి పుస్తకం మూశాను. ఐదు రూపాయల స్టాంపు ఇంకా అంటుకునే ఉంది.